ఆఠీనుకి ఒక చిల్లు

అమావాస్య నాడు మా ఇళ్ళల్లో మగ్గం ఆడదు. ఆ రోజు నాడె, అదే పోగు అటూఇటూ విసిరే చెక్క, పట్టుకోకూడదని పెద్దల మాట. నెలకి ఒక్కటే సెలవు గనక పొద్దున్నే తలంట్లు పోసుకుని, మధ్యాహ్నం కడుపునిండా తిని, మగ్గాల గదిలోనే చాప పరిచి పేక వేసేవాళ్ళు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే అదొక ఆనవాయితీ. యుద్ధం రోజులు. మా ఊరు చల్లపల్లికి అవతల. బెజవాడ నించి బొగ్గుతో నడిచే బస్సు ఒకటి వచ్చేది, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

ఆటకి నలుగురు. మా మామగారూ మా ఆయనా ఒక జట్టు. మా అత్తగారూ ఆవిడ తమ్ముడూ ఇంకో జట్టు. ఆ తమ్ముడు బెజవాడలో బట్టల కొట్లో గుమాస్తా, నాకు వరసకి బాబాయిగారు. ప్రతి అమావాస్యకీ అక్కని చూసే వంకన వచ్చేవారు. పేక కూడా ఆయన కొనుక్కొచ్చిందే. నేను ఆడేదాన్ని కాదు, గుమ్మం పక్కన కూచుని వత్తులు చేసుకుంటూ చూసేదాన్ని.

ఆడేది తురుపాట. మొదటివాళ్ళు ఏ జాతి ముక్క వేస్తే మిగతావాళ్ళు ఆ జాతే వెయ్యాలి. లేకపోతేనే తురుపు కొట్టాలి. చేతిలో ఉంచుకుని వేరేది వేస్తే తప్పు. ఇంతే ఆట. కానీ మా అత్తగారు దానికి చేసే హడావిడి చూడాలి. పట్టు గెలిచినప్పుడల్లా ముక్కల్ని చీర కింద దాచుకుని, "ఇంక అడక్కండి, నా పుట్టింటికి పంపించేశా" అనేది.

ఇంట్లో మగ్గాలు రెండు, మామగారిదొకటి, మా ఆయనదొకటి. నూలు షావుకారు ఇచ్చేవాడు. ఆ రోజుల్లో నూలు బంగారం. ఏ మగ్గం మీద గుడ్డ చెడిందో ఆ మగ్గానికి నూలు ఆపేసేవాడు, అది ఇంకొకరికి పోయేది. ఒక మగ్గం ఆగితే మాకు ఒక పూట పొయ్యి ఆగినట్టే.

ఒకరోజు మా ఆయన లేనప్పుడు నూలు చుట్టిన కండెలు ఇవ్వడానికి వెళితే మామగారు మగ్గం గుంటలో కూచుని పడుగు పోగుల మీద చేతులు పెట్టి తడుముకుంటున్నారు. అంచులో ఎర్రపోగు తెగింది. దాని కొస ఆయన వేళ్ళకి అర అంగుళం ఇవతలే ఉంది. కనబడటం లేదు. నేను ఏమీ అనకుండా వంగి పోగు అతికి లేచాను. మామగారు నాతో మాట్లాడాలంటే గోడకేసి చూసి మాట్లాడేవారు. అప్పుడూ గోడకేసే చూసి, "ఈ సంగతి ఈ గోడ దాటకూడదమ్మాయ్. ఇంట్లో తెలిస్తే షావుకారుకీ తెలుస్తుంది, నూలాపేస్తాడు," అన్నారు.

"అలాగేనండి," అన్నాను.

అప్పటినించీ పోగు తెగితే చిన్నగా దగ్గేవారు. నేను ఏ పనిలో ఉన్నా వెళ్ళి అతికేదాన్ని. పోగులతకడం ఆడవాళ్ళ పనే గనక పక్క మగ్గం మీదున్న మా ఆయనకి అనుమానం రాలేదు. మగ్గం దగ్గర అలా గడిచిపోయింది గానీ, పేక దగ్గర గడవలేదు. ఆయనకి ఎరుపూ నలుపూ తెలిసేవి. ముక్క మీద గుర్తులు ఎన్నో కూడా లెక్కపెట్టుకోగలిగేవారు. కానీ ఎరుపులో ఆఠీనో డైమనో, నలుపులో ఇస్పేటో కళావరో అలుక్కుపోయేవి. ఒక అమావాస్యకి డైమను అడిగితే చేతిలో డైమను పెట్టుకుని ఆఠీను వేశారు.

"మీ నాన్నకి వయసు మీద పడిందిరా," అంది మా అత్తగారు కొడుకుతో.

"వయసు కాదక్కా, పరధ్యానం. ఇంకో పెళ్ళాం కోసం చూస్తున్నాడేమో," అన్నారు బాబాయిగారు.

అందరూ నవ్వారు. మామగారూ నవ్వారు. మర్నాడు నన్ను పిలిచి, పేకా సూదీ నా ముందు పెట్టారు. ఆట మానేస్తే ఎందుకు మానేశాడంటారు, అని ఆయన భయం. ఆఠీన్లన్నిటికీ, ఇస్పేట్లన్నిటికీ రెండు కొసల్లో వెనకనించి సూదితో పొడిచాను. ముందువైపు బొటనవేలికి చిన్న గింజలా తగిలేది. డైమన్లనీ కళావర్లనీ వదిలేశాను. ఎరుపు ముక్కకి గింజ తగిలితే ఆఠీను, నలుపు ముక్కకి తగిలితే ఇస్పేటు. చాప మీద పడ్డ ముక్కని కూడా మామగారు ఓసారి చేతిలోకి తీసుకుని, "ఇదా," అని మళ్ళీ వేసేవారు.

మూడు అమావాస్యలు బాగానే గడిచాయి. నాలుగోసారి బాబాయిగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఉండు బావా. వేసిన ప్రతి ముక్కా ఎత్తి చూస్తావేం? దాని మీద ఏమన్నా రాసుందా?"

బట్టల కొట్లో పనిచేసే వేళ్ళు బాబాయిగారివి. గుడ్డ పట్టుకుంటే ఏ నూలో చెప్పేవారు. ఆ ముక్క మీద బొటనవేలు ఆనించి ఆగిపోయారు. ఇంకోటి తీశారు. ఇంకోటి.

"ఎవరు పొడిచారు ఇవి?"

"నేనే," అన్నారు మామగారు.

"ఎందుకు?"

"గెలవడానికి."

మా అత్తగారు ఆయన మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. పిడికెడు నూలు మిగిలినా చుట్టి షావుకారుకి తిరిగిచ్చిన మనిషి ఆయన. ఊళ్ళో ఆయన పేరే అది.

"ముక్కకి చిల్లు పెట్టినవాడు నూలులో పోగు తియ్యడని ఏంటి నమ్మకం?" అన్నారు బాబాయిగారు.

"ఒరేయ్, మాట చూసుకో," అంది మా అత్తగారు. కానీ గొంతులో బలం లేదు.

గుమ్మం దగ్గర నా చేతిలో వత్తి పీచుపీచైపోయింది. నేను నోరు తెరిస్తే ఆయన దొంగ కాదు, మగ్గం పోతుంది. తెరవకపోతే మగ్గం ఉంటుంది, ఆయన దొంగ. ఆయన గోడకేసి చూస్తున్నారు. ఇచ్చిన మాట నాకు జ్ఞాపకం చెయ్యడానికే అలా చూశారని ఇప్పటికీ అనుకుంటాను. నేను మాట్లాడలేదు.

బాబాయిగారు పేక పోగు చేసి సంచిలో వేసుకుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు.

ఆ నెల మా ఇంట్లో పక్కపక్కనే రెండు మగ్గాలాడాయి గానీ తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు. మా అత్తగారు అన్నం వడ్డించి అవతలకి వెళ్ళిపోయేది. ఒకసారి మా ఆయన లేనప్పుడు పోగు అతకడానికి వెళ్ళి, "పోనీ చెప్పెయ్యనా అండీ," అన్నాను. నా అంతట నేను ఆయనతో అన్న మొదటి మాట అది.

"దొంగ అంటే నాలుగు రోజులంటారమ్మా. కళ్ళు పోయాయంటే ఆ రోజే మగ్గం దిగాలి," అన్నారు.

మళ్ళీ అమావాస్య వచ్చింది. బాబాయిగారు రారనే అనుకున్నాం. ఎండ దిగేవేళకి బొగ్గుమసి కొట్టుకున్న పంచెతో దిగారు. కాళ్ళు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళడిగారు.

"ఆసుకీ రాజుకీ పొడుచుకునేవాడు దొంగ," అన్నారు మెల్లిగా. "రెండుకీ మూడుకీ ఎందుకమ్మాయ్ పొడవటం? ఆఠీనుకుంది, డైమనుకి లేదు. ఇస్పేటుకుంది, కళావరుకి లేదు. నెలరోజులు పట్టింది ఈ మట్టిబుర్రకి. నీకు తెలుసా?"

నేను చెంబులో నీళ్ళు పోస్తూనే ఉన్నాను. నిండి పొర్లి ఆయన కాళ్ళ మీద పడ్డాయి. ఇంక నన్నేమీ అడగలేదు.

చాప ఆయనే పరిచారు. అదే పేక. "రా బావా," అన్నారు. మామగారు లేవలేదు. వెళ్ళి చెయ్యి పట్టుకుని తెచ్చి కూచోబెట్టారు. మా అత్తగారు ముక్కలు పంచింది.

బాబాయిగారు మొదటి ముక్క చాప మీద పెట్టి, "డైమను తొమ్మిది," అన్నారు పైకి.

మా ఆయన వింతగా చూశాడు. ముక్క కళ్ళెదుటే ఉంటే పేరు చెప్పడమేమిటి? మా అత్తగారు తమ్ముడి మొహం చూసింది, తర్వాత మొగుడి మొహం చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ వంతు వచ్చేసరికి, "డైమను రాణి," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ తర్వాత మా ఆయన కూడా తలొంచుకుని పేరు చెప్పి వేశాడు. పట్టు మా అత్తగారిదే అయినా ముక్కల్ని చీర కింద దాచుకోలేదు.

బాబాయిగారు రెండో చుట్టులో ఇంకాస్త గట్టిగా, "కళావరు పది," అన్నారు.

"నాకు చెవుడు లేదురా. మెల్లిగా చెప్పు," అన్నారు మామగారు.

ఆట మధ్యలోనే బాబాయిగారు, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "మా కొట్లో తెల్ల తువ్వాళ్ళు అడుగుతున్నారు బావా. అంచుల్లేవు, రంగుల్లేవు. నూలు మేమే ఇస్తాం. నీ మగ్గం మీద వేస్తావా?" అన్నారు. మామగారు తలూపారు. క్షమించమని బాబాయిగారు అననూ లేదు, ఆయన అడగనూ లేదు. తెల్ల తువ్వాళ్ళు రెండేళ్ళు నేశారు, చేతులతోనే చూసుకుంటూ. తర్వాత కళ్ళల్లో ఆ కాస్త వెలుగు కూడా పోయింది. అప్పుడు మగ్గం దిగారు. పేక మాత్రం ఆఖరిదాకా ఆడారు.

మా ఇంట్లో ఇప్పటికీ ముక్క వేస్తే పేరు చెప్పి వెయ్యాలి. తురుపాట పోయి రమ్మీ వచ్చినా అంతే. మొన్న కొత్తగా వచ్చిన మనవరాలి మొగుడు, "ఎందుకండీ అమ్మమ్మగారూ, కనబడుతోంది కదా," అని నవ్వాడు. పెట్టె తెరిచి ఆ పాత పేకలో ఆఠీను రెండు తీసి అతని చేతిలో పెట్టాను. కళ్ళు మూసుకుని కొసన వేలు పెట్టి చూడు నాయనా, అన్నాను.