పాత జెట్ గొంతు కోసం

ఉదయం ఆరున్నరకి అనకాపల్లి ప్లాట్‌ఫారం మీద నిలబడి మా బావ చెవిలో అరిచాను: "రైలు పది నిమిషాలు లేటంట!" స్టేషనంతా విన్నది, ఆయన తప్ప.

మా అక్క మొగుడు సూర్రావు హైదరాబాద్‌లో ముప్ఫయ్యేళ్ళు విమానాల మెకానిక్కు. పాతకాలపు జెట్‌ల పక్కన నిలబడీ నిలబడీ చెవులు రెండూ పోయాయి. ఆ జెట్‌లలో మిగిలిన ఒక్కటి, మొదట మనుషుల్నీ తర్వాత సరుకుల్నీ మోసినది, మర్నాడు పదకొండింటికి ఆఖరిసారి ఎగిరి తుక్కుకి పోతుందని పాత స్నేహితుడు మెసేజ్ పెట్టాడు. "దాని గొంతొక్కటీ నాకింకా ఇనబడతాది బావా. ఒక్కసారి ఇనేసి వచ్చేత్తాను" అని బావ పట్టుబట్టాడు. ఒంటరిగా పంపనంది అక్క. బుచ్చయ్యపేటలో చెరుకు కోత మధ్యలో వదిలేసి నేను తోడు బయల్దేరాను. చెవులు తినేసిన దాని మీద ఇంత ప్రేమేమిటో!

తునిలో ఇడ్లీ, విజయవాడలో పెరుగన్నం. ఏలూరులో ఎక్కిన పెద్దావిడ అక్కడికి విసిగిపోయింది. "బాబూ, ఆ పోట్లాటేదో ఇంటికెళ్ళి పెట్టుకోండి."

"పోట్లాట కాదమ్మా, పచ్చడి కావాలా అని అడుగుతున్నాను" అన్నాను.

సాయంత్రం ఆరున్నరకి సికింద్రాబాద్‌లో దిగి, స్టేషను ఎదురుగానే లాడ్జిలో గది తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు మాత్రం బకెట్టుకి మించి ఇవ్వరు.

మర్నాడు ఎనిమిదింటికి శంషాబాద్ బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో విమానాశ్రయం ప్రహరీ పక్క రోడ్డుకి చేరాం. బావ పిడికెడు దుమ్ము తీసి గాలికి వదిలి, పడమటి కొసన నిలబడ్డాడు. కొత్త విమానాలు వరసగా ఎగురుతుంటే నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆయన తలొంచుకుని, "ఇంకా ఏటీ ఎగరలేదేటి?" అన్నాడు. ఇంత దూరం వచ్చాక అది కూడా వినబడకపోతే?

పైగా అన్నీ గాలికి ఎదురుగా, మాకు వీపు పెట్టి తూర్పుకే పోతున్నాయి. వడ్లు తూర్పారబట్టేవాణ్ణి, గాలెటు వీస్తోందో నాకు తెలియదా! "రాంగ్ సైడు నిలబెట్టావు కదయ్యా! దాని మొహం ఎలా సూత్తాం?" అని అరిచాను.

ఈసారి అందింది. "మొహం నాకెందుకు బావా? ఇంజను గొంతు ఎనక్కే వత్తాది."

పదకొండుంబావుకి వచ్చింది. పొట్టిగా, రంగు వెలిసి, రెక్కల కింద సన్నటి పొడుగాటి ఇంజన్లతో. మావైపు వీపు తిప్పి, ఊపిరి బిగబట్టినట్టు క్షణం ఆగింది. తర్వాత, ఓర్నాయనో! పక్కటెముకలు అదిరిపోయాయి. నేను చెవులు మూసుకున్నాను. బావ మాత్రం తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నల్లటి పొగ వదులుతూ ఆ ముసల్ది కొత్తవాటికంటే దర్జాగా లేచింది.

"ఇనబడింది బావా!" చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు!

మర్నాడు తిరుగు రైల్లో నా వెక్కిరింతలన్నీ వెనక్కి తీసుకున్నాను. అలాంటి యంత్రాన్ని చేసినవాళ్ళకీ, అన్నేళ్ళు దాన్ని గాల్లో నిలబెట్టినవాళ్ళకీ దణ్ణం పెట్టాలి. విజయవాడ దాటాక బావ ఉన్నట్టుండి నా భుజం తట్టాడు.

"ఎడం ఇంజన్లో సిన్న గరగర ఉంది బావా. ఆళ్ళకి ఫోన్ సెయ్యి. మళ్ళీ ఎగిరే ముందు ఓసారి ఇప్పి..."

మధ్యలో ఆగిపోయాడు. దారి పొడుగునా అన్నీ అరిచి చెప్పినవాణ్ణి, ఆ మాటకి మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.