ఇన్‌స్పెక్టర్ సారు ఖద్దరు చొక్కా

ఆ రోజుల్లో మనిషి మారాడో లేదో తెలియాలంటే ముందు అతని బట్టలు చూసేవాళ్లు. నిజాం మీద పోలీస్ యాక్షన్ కాగానే షేర్వాణీలు పెట్టెల అడుగుకు దిగి, ఖద్దరు పైకి వచ్చింది. (నా షేర్వాణీ మాత్రం ఒంటిమీదనే ఉంది, ఇంకోటి లేదు.) ఉర్దూలో చదువుకున్న పంతొమ్మిదేళ్ల నన్ను అప్పుడే పోచంపల్లి పక్క ఊరి బడిలో ఇంగ్లీషు పంతులుగా తాత్కాలికంగా పెట్టారు. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం, లేకుంటే మా ఊరు కేతేపల్లిలో మా బాపు వెనక నాగలి ఖాయం.

పిల్లలంతా నేతపనివాళ్ల పిల్లలు. అందుకని వ్యాకరణాన్ని బట్టల మీదుగా ఎక్కించాను: చేత్తో ముట్టుకోగలిగింది నౌను, దానితో చేసే పని వెర్బు, అది ఎట్లాంటిదో చెప్పేది అడ్జెక్టివు. షర్టు, వేర్, టోర్న్. (టోర్న్‌కు ఉదాహరణలు క్లాసు నిండా ఉండేవి, నా మోచేతితో సహా.)

ఇన్‌స్పెక్టర్ సారు తెల్లగా మెరుస్తూ వచ్చాడు. ఖద్దరు మహిమ మీద ఉపన్యాసం ఇచ్చి, "ఇది నా చేత్తో వడికిన నూలు. దీని గురించి ఒక నౌను, ఒక అడ్జెక్టివు చెప్పండి" అన్నాడు.

కండెల పిల్ల లేచింది. తల్లికి మగ్గం కండెలకు నూలు చుట్టి ఇస్తేగాని బడికి రాదు గనక ఆ పేరు. నేర్పిన ప్రకారం చొక్కా అంచు ముట్టుకొని "షర్టు, నౌను" అంది. నా ప్రాణం లేచి వచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. నేతింటి పిల్లలు బట్టను ఊరికే ముట్టుకోరు. రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తారు. నలిపింది.

"పంతులూ, గిది చేతి నూలు గాదు. మిల్లుది."

"కూసో బిడ్డా," అన్నాను.

"నిజం పంతులూ. జర మీరు గూడ ముట్టి సూడుండ్రి. చేతి నూలు గింత సాఫుగ ఉంటదా?"

వెనక నుంచి ఒకడు, "నేను గూడ సూడాల్నా సారూ?" అని లేచాడు.

సారు తన చొక్కా వైపే కాసేపు చూసుకొని, మెల్లగా, "అడ్జెక్టివు చెప్పలేదమ్మా" అన్నాడు.

"న్యూ," అంది ఆ పిల్ల. "ఇయ్యాల్నే తొడిగినట్టున్నరు."

ఆయన తనిఖీ పుస్తకం తెప్పించి 'బోధన సంతృప్తికరం' అని గబగబా రాసి, చాయ్ కూడా తాగకుండా లేచాడు. గడప దగ్గర నాతో, "మంచిగనే నేర్పినవయ్యా. జర తక్కువ నేర్పితే ఇంకా మంచిగుండు" అన్నాడు.

నౌకరీ ఖాయమైంది. నా బోధనకు ఇన్‌స్పెక్టర్ చాయ్ మరిచిపోయేంత ముగ్ధుడయ్యాడని ఆ రోజే బాపుకు ఉత్తరం రాశాను. అందులో కండెల పిల్ల ఊసే లేదు. ఇప్పుడు కనబడితే ఆ పంతొమ్మిదేళ్ల పంతులు చెవి మెలిపెట్టాలని ఉంటుంది. (మెల్లగానే. పాపం, వాడి మొదటి గెలుపు అది.)