సాక్ష్యం చెప్పమన్న రోజు

తొండూరు పక్కన మా ఊళ్లో పార్టీల కొట్లాటలు ముదిరిన ఏళ్లలో, మా ఆయన పొద్దు గుంకగానే మా పార్టీ నాయకుడి మిద్దె ఎక్కేవాడు. తెల్లవార్లూ కాపలా. తెల్లారాక ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టుకుని పడుకునేవాడు. అట్లా ఏళ్లు గడిచాయి. ఆ తర్వాత రెండు పార్టీల నాయకులూ రాజీ పడ్డారు. కాపలా ఇక అక్కర్లేదన్నారు. మా ఆయనకు మాత్రం రాత్రి కన్ను మూతపడలేదు. పగలు కూలికి పోతే చేను గట్టు మీదే కూలబడేవాడు. ఇట్లయితే మనిషి దక్కడని భయపడి ప్రొద్దుటూరుకు తీసుకుపోయాను.

"మాత్రలతో పని లేదు. పగలు పడుకోనివ్వొద్దు. రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా పొద్దున్నే ఒకే వేళకు లేపు," అంది డాక్టరమ్మ.

లేపాను. దుప్పటి లాగి లేపాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన కళ్లు వాలిపోయేవి. ముందర చాటలో శనక్కాయలు పోసేదాన్ని.

"పాపిష్టిదానా, ఒక్క గడియ పండుకోనీవే!"

"రాత్రికి పండుకుందువులే. ఒలుచు."

ఆదివారం మా ఏసయ్య గుడిలో ఆయన తల వాలితే, పక్కనున్నాయన మోచేత్తో పొడిచేవాడు. "మామా, అయ్యగారి ప్రసంగం కంటే నీ గురకే గట్టిగా ఉండాది," అనేవాడు. ఆడవాళ్ల వైపు నుంచి నేనే ఆ మనిషికి సైగ చేసేదాన్ని.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే బైబిలు ముందర పెట్టుకుని అక్షరాలు నేర్పాడు. అన్నానికీ ఉప్పుకూ కూడా దేవునికి వందనాలు చెప్పడం నేర్పాడు. మా ఆయన రాత్రంతా కదలకుండా నిద్రపోయిన మొదటిసారి, పొయ్యి ముందర మోకాళ్లూని ఏడ్చాను.

ఆ ఏడు కోతకాలపు పండుగకు నాయకుడు మా గుడికి వచ్చాడు. దండ వేసి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మనిషొకడు గుమ్మం దగ్గరే మా ఆయన్ను పట్టుకున్నాడు.

"అప్పా, ఎలక్షన్లొస్తాండాయి. మళ్ల మిద్దె చూసుకోవాల. నీ మాదిరి మేలుకునేటోడు ఇంగ యాడ దొరుకుతాడు?"

"చూస్తాంలే," అన్నాడు మా ఆయన, తల వంచుకుని.

నా ఒళ్లు మండిపోయింది. ఆయన జబ్బు వీళ్లకు పనితనమైంది!

లోపల, దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల వేళ, పాస్టరు అయ్యగారు నన్నే పిలిచాడు. "లేచి చెప్పమ్మా. ఈ అన్న రాజీ పడినందుకే గదా ఈరోజు నీ భర్త నిద్రపోతున్నాడు."

లేచాను.

"దేవునికి స్తోత్రం. నా భర్త నిద్రబోతాండాడు. ఆ నిద్రను తీసుకున్న మనిషి ఈడనే దండేసుకుని కూచోనుండాడు. మళ్లీ అడిగేకి మనిషిని పంపించినాడు. ఆయనకు నేను వందనాలు చెప్పను."

గుమ్మం దగ్గరివాడు ఎగిరాడు. "ఏందక్కా, అన్న ముందరనేనా ఆ మాటలు?"

"మీ అన్నకు శానా బాగా నిద్ర పడుతుందంట గదా. ఆయన్నే ఎక్కమను మిద్దె."

వెనక ఎవరో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాయకుడూ నవ్వాడు. "అక్కకు కోపమొచ్చినాది," అన్నాడు, చిన్నపిల్లను బుజ్జగించినట్టు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు రక్తం ఉడుకుతుంది.

అప్పుడు మగవాళ్ల వైపు మా ఆయన లేచాడు. "నేను రాలేనన్నా. నాకు చాతగాదు," అని కూర్చున్నాడు. అంతే.

నాయకుడు భోజనానికి ఆగలేదు. ఆ తర్వాత ఆయన చేలల్లో మమ్మల్ని కూలికి పిలవలేదు. మేం పులివెందుల వైపు పనులు వెతుక్కున్నాం. మా ఆయన నిద్ర మాత్రం చెడలేదు.

పండుగ మరునాడు అయ్యగారు ఇంటికొచ్చాడు. "క్షమించడం నేర్చుకోవాలమ్మా," అన్నాడు.

"అడిగితే క్షమిస్తానయ్యా," అన్నాను. "ఆయన ఎప్పుడడిగినాడు?"