తాండూరు రోడ్డు మీద పదమూడు మైళ్ళు

దయ్యాల ముచ్చట వస్తే నవ్వి లేచిపోయే రకం నేను. బొగ్గుబావిలో పనిచేసేవాళ్ళ దగ్గర అలాంటి కథలు బోలెడు ఉంటాయి. ఫలానా సందులో ఎవరో దగ్గుతారని, ఎప్పుడో పోయినవాడు వచ్చి తమాకు అడుగుతాడని. నేను ఒక్కటీ నమ్మేవాణ్ణి కాదు. లోపల మనిషిని చంపేది పైకప్పు, దయ్యం కాదు అని వాదించేవాణ్ణి. ఇప్పుడు కూడా దయ్యాలు ఉన్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీకేమైనా అర్థమైతే మీరు నాకంటే తెలివైనవాళ్ళు.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్ళు. మాది మంథని పక్కన పల్లె. వరుసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేస్తే నన్ను కన్న మా అవ్వను తీసుకొని బెల్లంపల్లి వచ్చి బొగ్గుబావిలో చేరాను. మా రాజవ్వక్క, ఆమె పెనిమిటి ఓదెలు బావ అప్పటికే అక్కడ ఉన్నారు. నన్ను పనిలో పెట్టించింది బావే. ఇద్దరం లోపల పట్టాల మీద నడిచే ఇనుప టబ్బుల్లో బొగ్గు నింపేవాళ్ళం. రెండు ఇళ్ళూ పక్కపక్కనే, పొయ్యి మాత్రం ఒకటే.

చేరిన రెండో ఏడు నా మీద కప్పు కూలింది. నడుము దాకా బొగ్గులో కూరుకుపోయాను. దీపం ఆరిపోయింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఇంకో మనిషి మూలుగుతున్నాడు. కాసేపటికి ఆ మూలుగు ఆగిపోయింది. నన్ను తవ్వి బయటికి తీశారు. కాళ్ళు బాగయ్యాయి గానీ నా ధైర్యం మళ్ళీ నాకు రాలేదు.

ఆ తర్వాత బావి మొగదలకు వెళ్ళగానే కక్కుకునేవాణ్ణి. కొన్ని రోజులు సగం దారిలోంచి ఇంటికి వచ్చేసేవాణ్ణి. నాగాలు పెరిగాయి. ఇంకొక్క నాగా పడితే పేరు కొట్టేస్తామని హాజరు గుమాస్తా తేల్చి చెప్పాడు. పని పోతే అవ్వను ఏం పెట్టి సాకాలి? లోపలికి పోతే భయంతో చస్తాను, పోకపోతే ఆకలితో చస్తాను. పైన ఏదైనా పని దొరికితే తప్ప నాకు బతుకు లేదు. ఇది బావకు ఒక్కడికే తెలుసు.

ఆ చలికాలం బొగ్గు కంపెనీ ఆటల పోటీల్లో పదమూడు మైళ్ళ పరుగు పెట్టారు. క్లబ్బు దగ్గర మొదలై, పక్క ఊరు తాండూరుకు పోయే రోడ్డు మీద ఆరున్నర మైళ్ళు పోయి, అదే దారిన తిరిగి రావాలి. మొదట వచ్చినవానికి దీపాల గదిలో పని ఇస్తామన్నారు. దీపాల గది బావి పైన ఉంటుంది. దిగేవాళ్ళకు దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం, అంతే పని. ఆ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

బస్తీ అంతా మమ్మల్ని చూసి నవ్వింది. "పొద్దంత చెమటోడ్చింది సాలదా, మల్ల గీ ఉరుకుడేందిరా? కుక్క గరిచిందా?" అనేవాళ్ళు. పదిహేను, పదహారు మందిమి పేర్లిచ్చాం. కాన్వాసు బూట్లు మాతో పేరిచ్చిన ఒక గుమాస్తాకే ఉండేవి, మిగతా అందరివీ ఉత్త కాళ్ళే. మా అందరిలోకీ బాగా పరుగెత్తేది ఓదెలు బావ. రెండో షిఫ్టు చేసి రాత్రి పదింటికి ఇంటికి చేరేవాడు. అయినా నా కోసం తెల్లవారుజామునే లేచేవాడు. నేను మొదటి షిఫ్టుకు పోయేలోపు ఇద్దరం నాలుగైదు మైళ్ళు పరుగెత్తేవాళ్ళం.

"నా మడిమలు సూసుకుంట ఉరుకు. రోడ్డు సూసినవనుకో, ఇంకెంత దూరమున్నదో అని పానం జారుతది" అనేవాడు. ఆయన ముందు, నేను వెనక. తట్టలు మోసీ మోసీ ఆయన ఎడమ భుజం కిందికి జారి ఉండేది. పరుగెత్తేటప్పుడు అది ఇంకా జారేది. వెనక్కి మాత్రం ఎప్పుడూ చూసేవాడు కాదు. నెల తిరిగేసరికి బస్తీలో ఎవరి మడిమలైనా నేను గుర్తుపట్టకపోవచ్చు గానీ, బావవి గుర్తుపడతాను.

పోటీకి నాలుగు రోజుల ముందు పిడుగు పడింది. పరుగు పనిరోజున, మొదటి షిఫ్టు వేళ పెట్టారు. బావది రెండో షిఫ్టు కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదు. నాకు సెలవు ఇవ్వం అన్నారు. ఇంటి వెనక కూర్చొని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. బావ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నీ బిళ్ళ నాకియ్యి" అన్నాడు.

మాలో ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగేముందు అది కిటికీలో ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకి వచ్చేదాకా బిళ్ళ అక్కడి పలక మీద వేలాడుతుంది. లోపల ఎవరున్నారో గుమాస్తాకు తెలిసేది దాన్ని బట్టే. ఆయన నంబరు చూస్తాడు తప్ప ముఖం చూడడు. అన్న బిళ్ళ మీద తమ్ముడు దిగడం, మామ బిళ్ళ మీద అల్లుడు దిగడం మాలో కొత్త కాదు. లోపల పని చూసే సర్దారు మా పక్క ఊరివాడు. చూసీ చూడనట్టు ఉంటానన్నాడు.

"మరి నువ్వు ఉరకవా బావా?" అన్నాను.

"ఉరుకుడు నాకు సోకు. నీకు అక్కెర" అన్నాడు. "లోపట నాకేం బయ్యం లేదు. నువ్వు మీదికి రా, సాలు."

ఇంకెవరికీ చెప్పొద్దనుకున్నాం. అక్కకు అసలే చెప్పొద్దనుకున్నాం. ఆమెకు అప్పుడు ఐదో నెల. పోటీ ముందు రోజు పొద్దున అక్క బావను పట్టుకుంది.

"అందరికన్న నువ్వే ముందుంటవని బస్తీ అంత అంటాంది. మీద కొలువు నీకొద్దా? నా కడుపుల బిడ్డ ఉన్నది, నీకు యాదికున్నదా?"

"ఉరుకుత తియ్యి. రేపు నేనే ఉరుకుత" అన్నాడు బావ. అని, నావైపు చూసి కన్ను గీటాడు.

మర్నాడు అవ్వ, అక్క అనుకున్నది ఏమిటంటే, నేను బావికి పోయానని, బావ పోటీకి పోయాడని. నిజానికి ఆరింటికి నా బిళ్ళ పట్టుకొని లోపలికి దిగింది బావ.

ఏడింటికి పరుగు మొదలైంది. మూడో మైలు దాటేసరికి అందరూ నా వెనకబడ్డారు. రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు, కొంచెం మంచు. తెల్లారి ఎండ వస్తున్నది, చీకటి కాదు. ముందు రోడ్డు ఖాళీ. నా సంతోషం నాకు ఆగలేదు.

అంతలో ఇరవై గజాల ముందు ఒక మనిషి పరుగెత్తుతూ కనిపించాడు. ఎక్కడి నుంచి వచ్చాడో చూడలేదు. మొదట చూసింది మడిమలు. తర్వాత జారిన ఎడమ భుజం.

నా ఒళ్ళు చల్లబడింది, భయంతో కాదు. బావ ఇక్కడ ఉన్నాడంటే నా బిళ్ళ కిటికీలో పడలేదు. నాకు నాగా పడింది. పేరు పోయింది. ఈ పరుగు కూడా ఆయనే గెలుస్తాడు. నాకు అదీ లేదు, ఇదీ లేదు. అక్కకు చెప్పిన మాటే నిజమన్నమాట, ఆ కన్ను గీటింది నన్ను ఏమార్చడానికే అనుకున్నాను.

"బావా!" అని అరిచాను. వెనక్కి చూడలేదు. నేను వేగం పెంచితే ఆయనా పెంచాడు. నేను తగ్గితే ఆయనా తగ్గాడు. ఆ ఇరవై గజాలు ఇరవై గజాలే.

తిరగాల్సిన చోట క్లబ్బు గుమాస్తా గడియారం పెట్టుకొని కూర్చున్నాడు. "ఏడు నలభై రెండు, షాబాష్!" అని రాసుకున్నాడు. నేను తిరిగాను. మళ్ళీ బావ నా ముందే ఉన్నాడు. నా ముందు పోయినవాడు అక్కడ తిరిగితే నాకు ఎదురు రావాలి కదా. రాలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. చాలా రోజుల తర్వాత తట్టింది.

ఎనిమిదో మైలు దగ్గర ఒక ముసలమ్మ అంబలి కుండ పెట్టుకొని నిలబడింది. నేను ఆగలేదు.

పదో మైలుకు నా కాళ్ళు పోయాయి. పక్కటెముకల్లో పొడుస్తున్నది. అరికాళ్ళు చిట్లి మంట. ముందు ఆ మడిమలు మాత్రం అలిసిపోవడం లేదు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. నా తోబుట్టువు మొగుడని కూడా చూడలేదు.

"నమ్మిచ్చి గొంతు కోసినవు గదా బావా! నీ మీద మన్నువడ!" అని గొంతు చించుకొని అరిచాను.

ఆయన ఆగాడు. నాకు తెలిసి మొదటిసారి వెనక్కి తిరిగాడు. నా కళ్ళలో చెమట, నీళ్ళు. ముఖం సరిగా కనబడలేదు. మెల్లగా రోడ్డు దిగి, గడ్డిలో నిలబడి నాకు దారి ఇచ్చాడు. నేను పక్క నుంచే పోయాను. పంతం కొద్దీ తల తిప్పి చూడలేదు. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళ దగ్గర వచ్చే బొగ్గు వాసన గుప్పుమన్నది. ఆ తర్వాత నా అడుగుల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

క్లబ్బు దగ్గర తాడు తెంపుకొని పడ్డాను. జనం నన్ను లేపి చప్పట్లు కొడుతున్నారు. "నా ముందున్నాయన ఏడి?" అన్నాను. "నీ ముందట ఎవలున్నరోయ్? నువ్వే ఫస్టు" అన్నారు. వాదించాను. కాసేపటికి ఆ గడియారం గుమాస్తా సైకిలు మీద వచ్చి కాగితం చూపించాడు. తిరిగే చోట కూడా మొదటి పేరు నాదే.

బావ నన్ను ఆటపట్టించి, చివరికి నాకే వదిలేశాడని అనుకున్నాను. సిగ్గేసింది. ఆయన కాళ్ళ మీద పడాలని కుంటుకుంటూ ఇంటికి బయలుదేరాను. మా గల్లీ మలుపు దగ్గరే ఏడుపులు వినబడ్డాయి.

మా ఇంటి ముందు జనం. అవ్వ మట్టిలో పడి దొర్లుతున్నది. అక్క ఆమెను ఒడిలో పట్టుకొని, "ఊకో అవ్వా, నేనున్న గదా" అంటూ తనూ ఏడుస్తున్నది. బావిలో కప్పు కూలిందని, ఫలానా నంబరు మనిషి పోయాడని కబురు వచ్చింది. ఆ నంబరు నాది.

నన్ను చూసి జనం పక్కకు జరిగారు. అవ్వ లేచి వచ్చి నా ముఖం తడిమింది, చేతులు తడిమింది, రక్తం కారుతున్న కాళ్ళు తడిమింది. "నా కొడుకు! నా కొడుకు బతికున్నడు!" అని అరిచింది. అక్క ఏడుస్తూనే నవ్వింది. నన్ను గట్టిగా పట్టుకున్నది. తర్వాత నా భుజం మీదుగా వెనక్కి చూసింది.

"మీ బావేడిరా? గెలిచిండా?"

"నాకంటె ముందే ఉరికిండు గదక్కా. ఇంటికి రాలేదా?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే, ఆ బిళ్ళ ఎవరి చేతికిచ్చానో నాకు గుర్తొచ్చింది. అక్క నా ముఖమే చూస్తున్నది. ఆమెకు తెలిసిపోయింది. అవ్వ ఇంకా నా చెయ్యి పట్టుకొని దేవునికి దండాలు పెడుతూనే ఉంది.

తర్వాత తెలిసినవి చెబుతాను. సర్దారు దగ్గర గడియారం ఉండేది. ఏడూ ముప్పావుకు తను బావతో మాట్లాడానని, రెండో టబ్బు నింపుతున్నాడని, ఎనిమిది ప్రాంతంలో కప్పు కూలిందని చెప్పాడు. సర్దారు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. నేను రోడ్డు మీద బావను చూడటం మొదలుపెట్టింది ఏడున్నరకు ముందే. అంటే నేను చూసింది చనిపోయినవాణ్ణి కాదు. ప్రాణాలతో, నా బిళ్ళ మీద, నా పని చేస్తున్న మనిషిని.

పది రోజుల తర్వాత ఆ అంబలి ముసలమ్మ దగ్గరికి పోయాను. నన్ను గుర్తుపట్టింది. "నువ్వు తాగకుంటనే పోతివి బిడ్డా. నీ ముందువోయినాయన తాగిండు. ఒళ్ళంత మసే, పాపం" అన్నది. ఆమెకు చూపు తక్కువని పక్కవాళ్ళు చెప్పారు. తక్కువే కావచ్చు.

బిళ్ళ సంగతి విచారణలో ఒప్పుకున్నాను. నేను గెలిచిన పని మా అక్కకు ఇవ్వండి, నన్ను ఏమైనా చేయండి అని కాళ్ళు పట్టుకున్నాను. పని అక్కకు ఇచ్చారు. నన్ను కొన్నాళ్ళు పక్కనపెట్టి మళ్ళీ లోపలికి పంపారు. ఇరవై ఏడేళ్ళు దిగాను. భయం ఒక్కరోజు కూడా పోలేదు. కిటికీలోంచి దీపం అందించేది అక్కే.

అక్క ఈ కథను బిడ్డకు చెప్పేది, బస్తీలో అందరికీ చెప్పేది. "నాకు ఉరుకుత అని మాటిచ్చిండు. మాట తప్పలే. లోపట ఉండి కూడ ఉరికిండు, నా తమ్ముణ్ణి గెలిపిచ్చిండు" అనేది. చెప్పినప్పుడల్లా ఆమె ముఖం కాస్త తేటపడేది. నేను పక్కన కూర్చొని ఔనక్కా అనేవాణ్ణి.

పదో మైలు దగ్గర నేను అరిచింది ఎనిమిదికి ముందా, తర్వాతా? నా దగ్గర గడియారం లేదు. కప్పు కూలడం ముందా, మన్ను పడాలన్న నా నోటి మాట ముందా, ఇన్నేళ్ళు లెక్కలు వేసినా తేలలేదు. ఆ దారిని మళ్ళీ మళ్ళీ నడిచి చూశాను. తేలలేదు.

అక్క పోయే ముందు మంచం మీద ఉండి ఒకటే అడిగింది. "ఆయన పక్క పొంటి పోయినవు గదరా. నువ్వేమన్న అన్నవా?"

"బావా అని పిలిచినక్కా" అన్నాను.

చాల్లే అన్నట్టు తల ఊపి, కళ్ళు మూసుకుంది.