కట్టు కాలికి తగిన కారు

పుత్తూరులో నియాజ్ బండి ఎక్కడానికి వచ్చినవాళ్లను అతను మొదట అడిగేది ఊరి పేరు కాదు. "ఏ కాలు?" అని అడుగుతాడు.

మా ఊరికి ఎముకలు విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆకుపసరు, గుడ్డుసొన, గుడ్డపీలికలు, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టించుకుని పోతారు. కట్టు పడిన కాలు మడవకూడదు. అలాంటి కాలిని బద్దలు కదలకుండా ఇంటి గడప దాకా చేర్చడమే నియాజ్ పని. పెళ్లి కాకముందు మొదలుపెట్టాడు, ఇప్పుడు గడ్డం నెరిసింది. ఎడమ కాలు విరిగినవాళ్లను ఎడమ తలుపు దగ్గర వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, అలాగే లోపలికి జరుపుతాడు. వీపు కుడి తలుపుకు ఆనుతుంది, కట్టు కాలు సీటు వీపు పక్కన భద్రంగా పడుకుంటుంది. కుడి కాలైతే కుడి తలుపు.

"తలుపు మార్చినావంటే కాలు సీటు అంచుకొస్తాది. బ్రేకు ఏస్తే జారి కిందబడతాది. ఇంక ఆ మనిషి నిన్ను తిట్టుకోకుండా ఉంటాడా?" అని కొత్త డ్రైవర్లకు చెబుతుంటాడు.

బండి కదిలేటప్పుడు తను "బిస్మిల్లా" అనుకుంటాడు. దారిలో గతుకొస్తే వెనకనుంచి ఒకరు "గోవిందా" అంటారు, ఒకరు "యేసయ్యా" అంటారు, తిరుత్తణి వైపువాళ్లు "మురుగా" అంటారు. ఎవరు ఎవరిని పిలిచినా నియాజ్ నోట ఒకటే మాట, "వింటా ఉండాడులే తల్లీ, ఇంకొంచెం దూరమే." ఆ మాట కోసమే అతని బండి వెతుక్కునేవాళ్లున్నారు.

అతని పాత వ్యాను ఇక పనికిరాదని మెకానిక్ జిలాన్ తేల్చి చెప్పిన రోజు నుంచి నియాజ్‌కు కారు చింత పట్టుకుంది. పెద్ద బండ్లు కట్టువైద్యుల సందుల్లో తిరగవు. చిన్న కారే కొనాలి. కొనేది ఒక్కటే, మళ్లీ మార్చే శక్తి లేదు. కట్టు కాలు ఇమడని కారు ఇంటికి తెచ్చుకుంటే ఇన్నేళ్లుగా చేస్తున్న పని అక్కడితో ఆగిపోతుంది. మామూలు బాడుగలకు తిరిగే డ్రైవర్లు ఊళ్లో కావలసినంతమంది ఉన్నారు.

సలహాలకు మాత్రం కొదవ లేదు.

"మైలేజీ సూడు భాయ్. మిగతాదంతా అలంకారం," అన్నాడు జిలాన్.

తిరుపతిలో నర్సింగు చదివే కూతురు తరన్నుమ్ ఫోనులో ఎయిర్‌బ్యాగులు ఎన్ని, గుద్దుడు పరీక్షలో ఎన్ని స్టార్లు వచ్చాయి అని వివరంగా చెప్పింది. నియాజ్ అన్నీ విన్నాడు. అందరి మాటా నిజమే అనిపించింది. కానీ అతను తెలుసుకోవాలనుకున్నది ఒకటే, మడవని కాలుతో ఆ కారెక్కితే ఎలా ఉంటుందో. అది ఏ కంపెనీవాళ్లూ కాగితంలో రాయరు.

చివరికి ఒక ఉపాయం తోచింది. కట్టు కట్టే దామోదరం దగ్గరికి వెళ్లి ఎడమ కాలు చాపి కూర్చున్నాడు.

"ఏమైందప్పా? యాడ పడినావు?"

"యాడా పళ్లేదు. ఊరికే కట్టు. బద్దలు మాత్రం నిజంగా పెట్టాల."

విషయం విని దామోదరం కడుపుబ్బా నవ్వాడు. "విరగని కాలికి కట్టు కట్టేది నాకు ఇదే మొదలు. ఎవురన్నా అడిగితే రెండు దినాల్లో మానిందని చెప్పు, నాకైనా పేరొస్తాది," అంటూ తొడ నుంచి మడమ దాకా బిగించి కట్టాడు.

జిలాన్ వ్యాను నడిపాడు. నియాజ్, భార్య గౌసియా బీ వెనక కూర్చున్నారు. ముగ్గురూ తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీది షోరూముకు పోయారు. వ్యాను ఆగీ ఆగకముందే విజయ్ కుమార్ అనే అమ్మకాల అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. మెడలో టై, ముఖాన చెమట. చక్రాల కుర్చీ తెప్పించాడు. మజ్జిగ తెప్పించాడు.

"అయ్యో, ఎట్ల పడినారు సార్?"

"పళ్లేదప్పా," అన్నాడు నియాజ్.

"మరి ఎవురన్నా గుద్దినారా?"

"వాళ్లావిడనడుగు," అన్నాడు జిలాన్. గౌసియా బీ కొంగు నోటికడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. విజయ్ కుమార్ ఆమె వైపు ఒకసారి భయంగా చూసి ఇంకేమీ అడగలేదు.

నియాజ్ చేతిలో ఉన్న డబ్బుకు సరిపడే ధరలో అక్కడ రెండు చిన్న కార్లున్నాయి. ఒకటి పొడుగ్గా నిలబడ్డ కారు. దాని సీటు నడుము ఎత్తున ఉంది, కూర్చోవడానికి వంగే పనిలేదు, వెనక్కి ఒరిగితే చాలు. రెండోది కాస్త పొట్టి, కానీ వెడల్పు. దాని సీటులో కూర్చోవాలంటే కిందికి దిగాలి. నియాజ్ మనసులో పొడుగు కారే గెలిచింది. సరిచూసుకుందామని రెండూ ఎక్కాడు.

అక్కడే చిక్కొచ్చింది. అతను తలుపు దగ్గరికి కుంటుతూ వెళ్లేసరికి విజయ్ కుమార్ చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. షోరూము వాచ్‌మన్ కాలు పట్టుకున్నాడు. కార్లు తుడిచే మనిషి తల తగలకుండా తలుపు పైఅంచుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. పొడుగు కారులోకి పువ్వులా ఎక్కాడు. పొట్టి కారులోకీ పువ్వులాగే ఎక్కాడు. ఏది సుఖమో ఏమీ తెలియలేదు.

నియాజ్‌కు సిగ్గేసింది. మజ్జిగ తాగిన నోటితో ఇంకా దాచడం బాగుండదని కట్టు సంగతి మొత్తం చెప్పేశాడు. విజయ్ కుమార్ వంగి కట్టును వేలితో తట్టి చూశాడు. తరువాత అంతమంది కలిసి నవ్విన నవ్వుకు లోపలున్న మేనేజరు బయటికొచ్చాడు.

"అట్లయితే మళ్లా ఎక్కండి సార్. ఈతూరి నేను చేతులు కట్టుకోని నిలబడతా."

నియాజ్ మళ్లీ ఒంటికాలి మీద గెంతుతూ పొడుగు కారు వైపు వచ్చాడు. కొంచెం తూలాడో లేదో, విజయ్ కుమార్ వచ్చి పట్టేసుకున్నాడు.

"ఏమప్పా, చేతులు కట్టుకుంటానంటివే!"

"అవే వచ్చేసినాయి సార్. నేనేం చేసేది?"

గౌసియా బీ కారు తలుపు పట్టుకుని వంగి లోపలికి చూసింది. "ఏంజీ, ఒక మాట అడుగుతా. మన బండిలో ఇన్నేండ్లలో ఎవురైనా ఒంటిగా ఎక్కినారా?"

నియాజ్ ఆలోచించాడు. ఎవరూ లేరు. పెళ్లామో, కొడుకో, చెల్లెలో ఎవరో ఒకరు పట్టుకునే వస్తారు. ఎవరూ లేనివాళ్లకు టీ అంగడి దగ్గర నిలబడ్డవాళ్లు వచ్చి ఒక చెయ్యి వేస్తారు. కట్టు కాలుతో మనిషి ఒంటరిగా కారెక్కడం మా ఊళ్లో జరగని పని.

"ఎక్కించేదానికి మనుషులు ఉండనే ఉండారు. ఎక్కినాక తోడొచ్చిన మనిషి యాడ కూసుంటాది? వ్యానులో నువ్వు పీటేసినావు, పీట మీద కూసోని కాలు పట్టుకుంటారు. ఈడ పీట పట్టేదానికి చోటుండాదా, సూడు."

ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య మోకాళ్లు పట్టేంత సందు. పీట మాట దేవుడెరుగు, చెంబు కూడా ఇరుక్కుంటుంది. కాలు పట్టుకునే మనిషి వెనక సీటు చివర కూర్చుని పాదాన్ని ఒళ్లో పెట్టుకోవాలి, వేరే దారి లేదు. పొడుగు కారులో నియాజ్ వీపు ఆనించి కాలు చాపితే బొటనవేలు అవతలి తలుపుకు తగిలింది. గౌసియా బీ కూర్చోవడానికి చోటే లేదు. పొట్టి కారులో అదే కాలు చాపితే అవతలి తలుపు పక్కన ఆమె ఒదిగి కూర్చోగలిగింది, పాదం ఒళ్లోకొచ్చింది. అంతదాకా ఎత్తు గురించే ఆలోచించిన నియాజ్‌కు వెడల్పు అప్పుడు కనిపించింది.

అయినా మనసు పూర్తిగా కుదరలేదు. "నా కాలు మంచి కాలు. ఇదెట్ల చెప్తాది?" అన్నాడు.

మూడు రోజుల తరువాత విజయ్ కుమార్ ఆ పొట్టి కారునే పుత్తూరుకు తెచ్చాడు. ఇంటి దగ్గర నడిపి చూపించడం వాళ్లకు మామూలే. అదే పూట నాగులమ్మ అనే ఆమె దామోదరం వసారాలో బండి కోసం ఎదురుచూస్తోంది. నారాయణవనం అవతల పల్లె, మామిడితోటలో నిచ్చెన జారి కుడి కాలు విరిగింది. తోడొచ్చిన తమ్ముడు మందులకు పోయి ఇంకా రాలేదు. వ్యాను చూస్తే జిలాన్ షెడ్డులో విప్పి పెట్టి ఉంది.

నియాజ్ అడగడానికి మొహమాటపడ్డాడు. విజయ్ కుమారే అన్నాడు, "ఎట్లైనా నడిపి సూపించాల గదా సార్. ఆ దిక్కే పోదాం." ఫోనులో మేనేజరుకు ఏదో చెప్పి తాళాలు నియాజ్ చేతికిచ్చాడు.

కుడి కాలు కనుక కుడి తలుపు. ఆ తలుపు నడిరోడ్డు వైపు తెరుచుకుంటుంది. నియాజ్ కారును రోడ్డు దాటించి, కుడి తలుపు అవతలి అరుగు వైపుండేలా నిలిపాడు.

"రాంగ్ సైడు సార్!" అని విజయ్ కుమార్ కంగారుపడ్డాడు.

"కాలికి ఇదే రైటు," అన్నాడు నియాజ్. ఎదురొచ్చిన ఆటోవాడు కట్టు చూసి హారను కొట్టకుండా ఆగాడు, వాడి వెనక వచ్చిన పాలబండీ ఆగింది.

నాగులమ్మను కూర్చోబెట్టి లోపలికి జరిపారు. దామోదరం పాత దుప్పటి మడిచి ఆమె వీపు వెనక పెట్టి, తమ్ముడొస్తే బస్సెక్కించి పంపుతానన్నాడు. గౌసియా బీ కుడివైపు ఎక్కి పాదం కోసం ఒడి చాపింది. నాగులమ్మ కాలు గాల్లోనే నిలబెట్టింది. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది గానీ దించడం లేదు.

"వద్దమ్మా బీబీ. నీ ఒళ్లో నా కాలు పెట్టేదా? పాపం తగల్దా నాకు?"

"దించు పెద్దమ్మా, బద్దలు కదుల్తాయి."

"కన్నకూతురి ఒళ్లో గూడా పెట్టలేదు తల్లీ ఎప్పుడూ."

ముందు సీట్లలోంచి నియాజ్, విజయ్ కుమార్ వెనక్కి తిరిగి చూశారు. ఈ అడ్డంకి ఏ షోరూములోనూ బయటపడేది కాదు. వ్యానులో పీట మనిషి చేతులతో పట్టుకునేది, ఒడి సంగతి ఎప్పుడూ రాలేదు. కారు ఎంత వెడల్పుంటే మాత్రం ఏమి, కాలు దించకపోతే!

గౌసియా బీ వంగి, ఆ కట్టును రెండు చేతులా కింద నుంచి పట్టుకుంది. "ఇది కాలని ఎవురు చెప్పినారు పెద్దమ్మా? గుడ్డల్లో చుట్టిన పసిబిడ్డ మాదిరుండాది సూడు. ఆకుపసరు వాసన గూడా అదే. బిడ్డను ఒళ్లో పెట్టుకుంటే పాపమా?"

నాగులమ్మ నొప్పిలోనూ నవ్వింది. "నా వయసుకి బిడ్డా!" అంది. కాలు మెల్లగా ఒళ్లోకి దిగింది.

వీపు ఆనిన తలుపు తెరుచుకోకుండా గడియ వేశాడు నియాజ్. నారాయణవనం రోడ్డులో స్పీడు బ్రేకర్లకు లోటు లేదు. మొదటిదాని దగ్గర అద్దంలో చూశాడు. గౌసియా బీ రెండు చేతులూ కట్టు మీద ఆనించి, కారు ఎగిరినప్పుడు తను కూడా కొంచెం లేచి, కాలిని మాత్రం లేవనివ్వలేదు. మైలేజీ గురించీ వెనక కెమెరా గురించీ విజయ్ కుమార్ చెప్పుకుపోతున్నాడు. పల్లె దగ్గరపడే వేళకు అతను వెనక్కి తిరిగి, "ఎట్లుండాది పెద్దమ్మా, సుకంగా ఉండాదా?" అని అడగబోయాడు.

"ష్!" అంది గౌసియా బీ. "నిద్రపోయింది."

నియాజ్ బండి వేగం తగ్గించాడు. ఇన్నేళ్లలో అతని వ్యానులో కట్టు కాలుతో ఒక్కరూ కునుకు తీయలేదు. నాగులమ్మ పల్లెకు తిరిగే మలుపు వచ్చింది. ఆమెను లేపడం ఇష్టంలేక దాన్ని దాటి కొంత దూరం పోయి, నీడ ఉన్నచోట నెమ్మదిగా వెనక్కి తిప్పాడు.

"ఇదే తీసుకుంటా," అన్నాడు విజయ్ కుమార్‌తో గుసగుసగా. "సీటుకు గుడ్డ వద్దు, రెగ్జినే ఏయించు. మనిషిని లోపలికి జరిపేదానికి బాగుంటాది."