రాజు పక్షాన వాదించిన అమ్మాయి

కొవిడ్ తర్వాత బడులు మళ్ళీ పూర్తిగా తెరుచుకున్న విద్యా సంవత్సరంలో నేను సౌదీ అరేబియాలో అల్ ఖోబర్‌లోని ఒక ప్రైవేటు అంతర్జాతీయ పాఠశాలలో చేరాను. బాలికల విభాగంలో ఎనిమిదో తరగతికి సోషల్ స్టడీస్ టీచరును. అంతకుముందు చాలా ఏళ్ళు భారతీయ సిలబస్ బడిలో పనిచేశాను. ఈ బడిది అమెరికన్ సిలబస్. మేము అల్ అజీజియా ప్రాంతంలో ఉండేవాళ్ళం. మా వారి కంపెనీ బస్సు వెళ్ళిన కాసేపటికి నా స్కూలు వ్యాను వచ్చేది.

బాలికల విభాగం అధిపతిని అక్కడ ముదీరా అంటారు. టీచర్లకూ పిల్లలకూ గేటు దగ్గరి కాపలాదారుకూ ఆవిడ ముదీరాయే. మా ముదీరా జోర్డాన్ ఆవిడ. మాట తక్కువ, పని ఎక్కువ. ప్రతి యూనిట్‌కూ ముందుగా ఆవిడకు ఒక ప్రణాళిక రాసివ్వాలి. పాఠం ముగిసేసరికి పిల్లలు ఏం చెప్పగలగాలో అందులో ఒక్క వాక్యంలో ఉండాలి. ఆవిడ దాన్ని చదివి సంతకం పెట్టాకే తరగతిలో పాఠం మొదలయ్యేది.

ఆ ఏడు నాకు మొదట వచ్చిన యూనిట్ అమెరికా వలస రాజ్యాలు ఇంగ్లండు రాజుకు ఎదురు తిరిగిన కథ. నేను నిజామాబాద్‌లో తెలుగు మీడియంలో చదువుకున్నాను. వలస పాలన అంటే మా పుస్తకాల్లో మన మీద తెల్లవాళ్ళు చేసిన పెత్తనం. వలస వచ్చినవాళ్ళు ఒక వైపు, పోరాడినవాళ్ళు ఇంకో వైపు. ఈ పాఠంలో ఆ ఇద్దరూ ఒకరే. వలస వెళ్ళినవాళ్ళే తమను పంపిన రాజ్యంతో పోరాడారు. అక్కడి మూలవాసుల గురించి పుస్తకంలో అర పేజీ ఉంది. నోట్సు రాసుకుంటూ ఎక్కడ ఎవరి పక్కన నిలబడి చెప్పాలో నాకే అర్థం కాలేదు. మా వారిని అడిగితే, "నువ్వు ఎవరి దిక్కు ఉంటే ఏంది, పుస్తకంల ఉన్నది చెప్పు" అన్నారు.

ప్రణాళికలో మాత్రం ధైర్యంగానే రాశాను: విధేయులైన ప్రజలు తిరుగుబాటుదారులుగా ఎలా మారారో విద్యార్థి వివరించగలగాలి.

తరగతిని మూడు జట్లు చేశాను. విడిపోవాలనేవాళ్ళు, రాజుతోనే ఉండాలనేవాళ్ళు, ఎటూ తేల్చుకోనివాళ్ళు. చీటీలు తీయిస్తే రాజు జట్టుకు నాయకత్వం సమీనాకు వచ్చింది. సమీనా వాళ్ళది కడప. తండ్రి ఒక నిర్మాణ కంపెనీలో ఆఫీసు ఉద్యోగి. తరగతిలో ఇంగ్లీషే మాట్లాడేది గానీ, వరండాలో నేను ఒంటరిగా కనబడితే తెలుగులోకి దిగేది.

చర్చ రోజున వెనక బెంచీలో ముదీరా కూర్చున్నారు. పన్నుల గురించి, తేయాకు గురించి, తమను అడగకుండా చట్టాలు చేయడం గురించి మొదటి జట్టు బాగానే మాట్లాడింది. తర్వాత సమీనా లేచింది. రాజు మనల్ని కాపాడటానికి యుద్ధం చేశాడు, ఆ ఖర్చులో మనకూ భాగముంది, ఇంట్లో పెద్దవాళ్ళతో పడనంత మాత్రాన ఇల్లు వదిలిపోతామా అని అడిగింది. చివర్లో ఓట్లు తీసుకుంటే, తేల్చుకోనివాళ్ళంతా ఆమె వైపు వెళ్ళారు. మా తరగతి గదిలో అమెరికాకు స్వాతంత్ర్యం రాలేదు. ముదీరా నవ్వి, పాఠం బాగా జరిగిందని రాసి వెళ్ళారు. చరిత్రలో జరిగినదాన్ని తరగతిలో జరిపించలేకపోయిన పాఠం బాగా జరిగినట్టా కాదా అన్నది నాకు తేలలేదు.

ఆ తర్వాతి వారమే కొత్త నిబంధన వచ్చింది. ఇంటి నుంచి తిండి తేకూడదు, అందరూ క్యాంటీన్‌లోనే తినాలి. పరిశుభ్రత కోసమని కారణం చెప్పారు. కొవిడ్‌కు ముందు పిల్లల ప్రతినిధుల సంఘం ఒకటి ఉండేదట. దాన్ని మళ్ళీ ఏర్పాటు చేయలేదు గనుక పిల్లలను ఎవరూ అడగలేదు.

సమీనాయే ఒక విన్నపం రాసి తరగతితో సంతకాలు పెట్టించింది. నాకు చూపించింది. బడి మీద గౌరవంతో, ముదీరా మీద నమ్మకంతో అని మొదలైంది. కొందరికి క్యాంటీన్ తిండి పడదు, దయచేసి మా మాట ఒకసారి వినండి, అంతే. నేను రెండు చోట్ల వ్యాకరణం దిద్ది, ముదీరా గదిలో ఇచ్చి రమ్మన్నాను.

జవాబు రాలేదు. ముదీరా దాన్ని పై కార్యాలయానికి పంపారనీ, అక్కడ అది ఎవరి బల్ల మీదో ఉండిపోయిందనీ నాకు తర్వాత తెలిసింది. పిల్లలకు అది తెలియదు. వాళ్ళు క్యాంటీన్‌లో కొనడం మానేశారు. విరామంలో ముంగిట్లో ఖాళీ చేతులతో కూర్చునేవాళ్ళు. తర్వాత కొందరు సంచుల్లో ఖుబ్జ్ రొట్టెలు దాచి తేసాగారు. అది తెలిసి ఉదయం గేటు దగ్గర సంచులు వెదకడం మొదలుపెట్టారు.

ఒక గురువారం విరామంలో, ముంగిట్లో, పర్యవేక్షకురాలు ఆరో తరగతి పిల్ల చేతిలోంచి అన్నం డబ్బా లాక్కోబోయింది. డబ్బా జారి అన్నం నేల మీద పడింది. పిల్ల ఏడ్చింది. సమీనా వెళ్ళి ఇద్దరి మధ్య నిలబడింది. పక్కకు జరగలేదు. గంట మోగింది. ఎనిమిదో తరగతి లోపలికి పోలేదు. వాళ్ళను చూసి ఏడో తరగతి కూడా ఆగిపోయింది. వేసవి పోయినా ఎండ పోలేదు. సముద్రం మీది ఉక్కకు యూనిఫాంలన్నీ ఒంటికి అంటుకుపోతున్నాయి.

ముదీరా నన్ను పిలిపించారు. నా యూనిట్ ప్రణాళిక బల్ల మీద ఉంది. నేను రాసిన వాక్యం కింద వేలు పెట్టి, ఇది మీరు నేర్పిందేనా అని అడిగారు. అవునంటే ఉద్యోగం పోతుంది. కాదంటే ఆ పాఠం చెప్పనట్టు. నేర్పాను గానీ, నేర్చుకున్న పిల్ల అప్పుడు రాజు పక్షాన ఉందని చెప్పాను. ఆ మాట నాకే వింతగా వినబడింది. ఆవిడకు కోపం రాలేదు. వెళ్ళి వాళ్ళను లోపలికి రమ్మనండి అన్నారు.

వెళ్ళాను. ముంగిట్లో అడుగుపెట్టాక నేను ఎవరి తరఫున వచ్చానో నాకే తెలియలేదు. సమీనాను పక్కకు పిలిచాను.

"నువ్వు రాజుతో ఉండాలన్నదానివి కదమ్మా. ఇదేమిటి?"

"ఇప్పుడూ అంతే మేడమ్. మేం స్కూలుకు ఎదురు తిరగలేదు."

"మరి లోపలికి ఎందుకు రావడంలేదు?"

"కాగితమిస్తే జవాబు లేదు. కొనుక్కోకుండా కూసుంటే సంచులు ఎతికిరి. ఆ పాప అన్నం కింద పడేసిరి. ఇంగ ఇప్పుడు లోపలికి పోతే, ఏం జేసినా పోతారులే అనుకుంటారు." "ముదీరా మేడమ్ ఒక్కసారి బయటికొచ్చి మాట్లాడితే సాలు. పోతాం" అంది.

"ఆమె రాకపోతే?"

"తెలీదు మేడమ్," అంది. ఆ పిల్ల ముఖంలో మొండితనం లేదు. నాలాగే ఏం చేయాలో తెలియనట్టే ఉంది.

నేను తిరిగి వెళ్ళి విన్నది విన్నట్టు చెప్పాను. పై కార్యాలయంతో ఫోన్లో మాట్లాడుతున్న ముదీరా, ఫోను పెట్టేసి లేచారు. వద్దని అవతలివాళ్ళు అన్నారనే నా అనుమానం. ముంగిట్లోకి వచ్చి ఎండలోనే నిలబడ్డారు. విన్నపం తనకు అందిందనీ, పైకి పంపాననీ, పంపిన సంగతి వాళ్ళకు చెప్పకపోవడం పొరపాటనీ అన్నారు. నిబంధన తీసేస్తానని మాత్రం అనలేదు. ముందు ఏడో తరగతి లేచింది, తర్వాత ఎనిమిదో తరగతి. సమీనా అందరికన్నా చివర వెళ్ళింది.

ఇక్కడితో అంతా చక్కబడిందని చెప్పలేను. సమీనాను కొన్ని రోజులు బడికి రావద్దన్నారు. ఆ శిక్ష కాగితం మీద సంతకం పెట్టింది కూడా ముదీరాయే. ఆమెను తీసుకెళ్ళడానికి తండ్రి గేటు పక్కన సందర్శకుల గదికి వస్తే, నేనే పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళాను. సన్నగా, నలిగిన ఆఫీసు చొక్కాలో ఉన్నారు. నేను తెలుగు మనిషినని తెలిసి కొంచెం తేరుకున్నారు.

"మేడమ్, కంపెనీ వాళ్ళ చెవిన పడితే నా ఇఖామా రెన్యువల్‌కు ఇబ్బంది, అది లేకపోతే ఈడ ఉండలేం. మీకు తెలుసు గదా," అని కూతురి వైపు తిరిగారు. "మనం ఈడికి బతికేదానికి వచ్చినాం. కొట్లాడేదానికి రాలేదు."

"వాళ్ళూ బతికేదానికే పోయినారు," అంది సమీనా తల వంచుకుని.

"ఎవురు?"

 తండ్రి నా వైపు చూశారు. ఎవరో నాకు తెలుసు. కానీ ఆ పోలిక సరైనదో కాదో తెలియలేదు. అమెరికాకు వలస వెళ్ళినవాళ్ళు ఆ నేల తమదే అనుకున్నారు. మేము ఎప్పుడో ఒకప్పుడు ఫైనల్ ఎగ్జిట్ ముద్ర వేయించుకుని వెళ్ళిపోవలసినవాళ్ళం. అది పాఠంలోని మాట అని మాత్రం ఆయనకు చెప్పాను.

ఆ టర్ము అయ్యాక, ఇంటి తిండి తెచ్చుకోవచ్చని ఒక చిన్న సర్క్యులర్ వచ్చింది. కారణం రాయలేదు. ఏడాది చివర్లో సమీనా తండ్రి ఆమెను భారతీయ సిలబస్ బడికి మార్చారు. నన్ను మరుసటి ఏడు భూగోళానికి వేశారు. శిక్షో, అవసరమో నేను అడగలేదు. ఆ పై ఏడు పాత పాఠం మళ్ళీ నాకే వచ్చింది. మా వారి సర్వీసు ముగిసి మేము తిరిగి వచ్చేదాకా అది నా దగ్గరే ఉంది.

ఆ తర్వాత ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ ఓట్లు తీసుకోవడం మానేశాను. తిరుగుబాటు ఎవరో ఒక రోజు చేతులెత్తి తేల్చుకునేది కాదని నాకు అర్థమైంది. యుద్ధం మొదలయ్యాక కూడా వలస రాజ్యాలవాళ్ళు రాజుకు విధేయులమంటూ విన్నపం పంపారు, రాజు దాన్ని తీసుకోలేదు. విడిపోవాలన్నవాళ్ళ కన్నా, కలిసి ఉంటామని అడిగి జవాబు రానివాళ్ళు ఎంత దూరం వెళతారో చూడమని పిల్లలకు చెప్పేదాన్ని.