ఏ గుంపులోనూ చేరని చిన్నమ్మ

పోయిన వారం మా చిన్నమ్మ కన్నుమూసింది. సైదాబాద్‌లో మా వీధికంతా ఆమె కండక్టరమ్మ. బహదూర్‌పురా మీదుగా వెళ్లే సిటీ బస్సుల్లో పనిచేసి రిటైరైంది. ఎంత రద్దీలోనైనా చంటిబిడ్డతో ఎక్కినవాళ్లకు సీటు ఇప్పించాకే టికెట్లు కొట్టేదని, పరామర్శకు వచ్చిన తోటి ఉద్యోగులు చెప్పుకున్నారు.

నాకు ఊహ తెలియకముందే అమ్మానాన్న పోయారు. నన్ను పెంచింది చిన్నమ్మే. పెళ్లి చేసుకోలేదు. నేను మెట్లెక్కే చప్పుడును బట్టే ఒంట్లో బాగాలేదని పసిగట్టి, తలుపు తీస్తూనే నుదుటి మీద చెయ్యి వేసేది. చిన్నప్పుడు ఒకసారి బడి నుంచి వచ్చి అమ్మా అని పిలిస్తే మాత్రం ఒప్పుకోలేదు.

"మీ అమ్మ మా అక్కనే బిడ్డా. ఆమె జాగల నేను కూసుంటనా?" అంది.

పిల్లలెందరని ఎవరైనా అడిగితే లేరనే చెప్పేది. అడిగినవాళ్లు జాలిపడినా ఊరుకునేది.

ఇదంతా మీకు చెప్పాలనిపించింది నిరుటి ఒక మధ్యాహ్నం వల్ల. నేను మెదడు స్కాన్లు తీసే చోట పనిచేస్తాను. పిల్లల్ని కన్నవాళ్ల మెదడులోని బూడిదరంగు పదార్థాన్ని, అదే వయసులో ఉండి పిల్లలు లేనివాళ్ల మెదడుతో పోల్చే పరిశోధన అప్పుడు మా దగ్గర నడుస్తోంది. రెండో గుంపుకు మనుషులు దొరకడం లేదని ఇంట్లో అంటే, తాను వస్తానంది చిన్నమ్మ. ఆమెను ఏ గుంపులో వేయాలో నాకు తెలియలేదు. ఆ పరిశోధన నడిపే మా మేడంను అడిగితే, తీసుకురండి, మాట్లాడదాం అన్నారు.

మేడం ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, పిల్లలున్నారా అని అడిగారు. ఆ ప్రశ్నకు ఎప్పుడూ తడుముకోని చిన్నమ్మ ఆగి, నావైపు చూసింది.

"నేను కనలె మేడం. గని బిడ్డ ఉన్నది. గీమె నా బిడ్డనే."

మేడం నెమ్మదిగా వివరించారు. బిడ్డను పెంచింది కాబట్టి పిల్లలు లేనివాళ్లలో చేర్చకూడదు. కనలేదు కాబట్టి మొదటి గుంపూ కుదరదు. స్కాన్ లేకుండానే బయటికి వచ్చాం. నా బిడ్డనే అన్న ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్లూ ఎంత ఎదురుచూశానో అది విన్నాకే నాకు తెలిసింది. చిన్నమ్మకు మాత్రం నా పని చెడగొట్టానని దిగులు.

"అబద్ధం చెప్పి మిషన్ల పండబుద్ధి గాలె," అంది ఆటోలో. "జర ఏమనుకోకు."

సైదాబాద్‌లో దిగి రోడ్డు దాటాలి. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న, జుట్టు అక్కడక్కడా నెరిసిన నన్ను మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది. వస్తున్న బండ్లకు రెండో చెయ్యి అడ్డం పెట్టి, నన్ను అవతలికి దాటించింది.